బల్ల ఆరకముందే

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు నా నోట్లో పడి పాడైంది, మళ్ళీ ఆ పని చేయదలచుకోలేదు. మదనపల్లెలో పాత సామాన్లు కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ 'పాలిష్ ఆపా' అంటే చాలు, తెలిసిపోతుంది. మా బడిలో సగం మంది పిల్లలు అక్కను ఆపా అనే పిలుస్తారు కాబట్టి నాకు ఆ పిలుపు కొత్త కాదు. మా అమ్మ మాత్రం మొదటినుంచీ బూబమ్మా అనేది.

పోయిన నెల గుజిరీ అంగడి ముందునుంచి నడిచొస్తుంటే అంగడాయన పిలిచాడు. ఊరంతా వదిలించుకున్న కుర్చీలూ మంచాలూ బీరువాలూ వచ్చి చేరే అంగడి అది. "మేడం, మీ బల్లకు పాలిష్ పెట్టిన ఆపా పోయిందంట. మొన్న బేస్తవారం" అన్నాడు. చేతిలో ఉన్న కుర్చీ కాలు ఎంత వదులైందో ఊపి చూసుకుంటూనే అన్నాడు. నేను నిలబడిపోయాను. "తెల్దా మీకు?" అన్నాడు. తెలీదని చెప్పి వచ్చేశాను. నాకు ముక్కుమీద కోపం. కుర్చీ కాలు ఊపుతూ చావు కబురు చెప్తాడా అని ఇంటిదాకా ఆయన్నే తిట్టుకున్నాను. ఆయనేం చేశాడు పాపం. ఆ కోపం పాతది, నామీద నాకున్నది.

ఆ బల్ల ఆయన అంగట్లోనే దొరికింది, నాలుగేళ్ళ కిందట. నేను పుంగనూరులో టీచరును. రోజూ మదనపల్లె నుంచి బస్సులో పోయి వస్తాను. ఇంట్లో నేనూ మా అమ్మా. చిన్నప్పుడు నిమ్మనపల్లె దగ్గర మా పల్లెలో ట్రంకుపెట్టె మీద నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాను. ఉద్యోగం వచ్చాక మంచమ్మీద పేపర్లు పరిచి దిద్దాను. నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక ఒక బల్ల కావాలనిపించింది. కొత్తవి చూస్తే అన్నీ అట్టముక్కకు చెక్క బొమ్మ అంటించినట్టున్నాయి. అప్పుడు గుజిరీ అంగట్లో, విరిగిన ఉయ్యాల బల్ల కింద, రెండు సొరుగులతో ఇది కనబడింది. నిండా పచ్చ పెయింటు. ఎత్తబోతే నా నడుం పట్టేసింది. "అంత బరువుందంటే లోపల టేకే మేడం. ఆపాను పిలిపించుకోండి, ఆమె చేతిలో పడితే బల్ల బల్లవుతాది" అని అంగడాయనే ఫోన్ నంబరిచ్చాడు.

ఆమె వచ్చింది. బుర్ఖా తీసి మా వరండా మేకుకు తగిలించింది. లోపల చుడీదారు మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. అది ఆమె భర్తది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయనకు చెయ్యందించి, పోయాక అదే చెయ్యితో బతికింది. అంతకుమించి ఆమె కథ నాకు చెప్పలేదు, నేను అడిగే ధైర్యమూ చేయలేదు. గోళ్ళు పదీ గోరింటాకు పండినట్టు ఎర్రగా ఉండేవి, అది లక్క రంగు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, కింద కూలబడి, సొరుగు అడుగున గోటితో గీకి వాసన చూసింది.

"టేకే. ఎవురో గవర్మెంటోడు పచ్చరంగు పూసినాడు. కోపం తీర్సుకున్నట్టు పూసినాడు సూడు" అంది.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎండ యాడ పడతాది, ఏ గోడకు తడి ఊరతాది, ఇంట్లో పిల్లోళ్ళుండారా, టీ గ్లాసు నేరుగా బల్లమీద పెట్టే అలవాటు ఎవురికుండాది. పిల్లలను నిలబెట్టి ప్రశ్నలు అడిగే నేను నా వరండాలోనే నిలబడి జవాబులు చెప్పుకున్నాను. టీ గ్లాసు అలవాటు నాకే ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

పనిలోకి వచ్చేటప్పుడు ఆమె సంచిలో ఒక స్టీలు గ్లాసుండేది. మా అమ్మ కాఫీ తెస్తే ఆ గ్లాసు ముందుకు పెట్టి అందులో పోయమనేది. "నా చేతులు స్పిరిట్టు వాసన అక్కా, మీ గ్లాసులకు పడతాది" అనేది. మొదటిరోజు నేను ఆ మాట నమ్మేశాను. మా అమ్మ నమ్మలేదు. మా అమ్మ టమాటా తోటల్లో కూలికి పోయిన మనిషి. "నేనూ పనికి పోయేప్పుడు సొంత చెంబు ఎత్తకపోయేదాన్ని బూబమ్మా. వాళ్ళు దోసిట్లో పోస్తారని" అని, మా ఇంటి గ్లాసులోనే కాఫీ పోసి ఆమె పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆపా ఆ గ్లాసును కాసేపు చూసి తాగింది. తర్వాత కూడా సంచిలో గ్లాసు తెస్తూనే ఉండేది, తీసేది మాత్రం కాదు.

కుర్చీలో కూర్చోమంటే కూర్చునేది కాదు. ఎన్ని కుర్చీలకు మెరుగు పెట్టిందో, ఒక్కదాంట్లోనూ ఆమె కూర్చోగా నేను చూడలేదు. "కూసుంటే దాని ముకం కనపడదు" అనేది. పగిలిన గాజు పెంకులతో పచ్చ పెయింటు గీకింది, అయిదు రోజులు. ఉప్పు కాయితం రుద్దేటప్పుడు నేను సాయం చేస్తానని కూర్చుని అడ్డంగా రుద్దాను. నా చేతిలోంచి లాక్కుంది. "టీచరమ్మా, పిల్లకాయలకు తల దువ్వేటప్పుడు అడ్డంగా దువ్వుతావా? లేయ్ ఆడనుంచి" అంది. నన్ను అట్లా లేయమని మా హెడ్మాస్టరు కూడా ఎప్పుడూ అనలేదు. నునుపు తేలిందా లేదా అని అరచేత్తో చూసేది కాదు, చేతి వెనకవైపు ఆనించి చూసేది. ఆమె ఏకైక శత్రువు మబ్బు. గాలిలో తడి ఉంటే పాలిష్ తెల్లబారుతుందని, ఆకాశం మూసుకుంటే సంచి సర్దుకుని వెళ్ళిపోయేది. మదనపల్లెలో మబ్బులకేం కరువు, వారం పని మూడు వారాలైంది.

లక్క పెచ్చులు స్పిరిట్లో నానబెట్టి, దూది ఉండను పాత మల్లు గుడ్డలో మూటకట్టి, దాంతో బల్లమీద సున్నాలు చుట్టుకుంటూ పోయేది. ఆ చెయ్యి ఆగదు. ఆగినచోట మచ్చ పడుతుంది. అందుకని ఆ వేళలో పలకరిస్తే పలికేది కాదు, ఫోన్ మోగినా ఎత్తేది కాదు. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళవైపు తల కూడా తిప్పలేదని మా పిన్నికి కోపమొచ్చింది.

చివరి పూత పడిన రోజు బుధవారం. పచ్చ పెయింటు కింద అంత ఎరుపూ బంగారమూ దాగుందని నేననుకోలేదు. ఆపా చేతులు తుడుచుకుంటూ మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పింది. "మూడు దినాలు ఎవురూ తాకొద్దు. ఒక్క సుక్క నీళ్ళు పడకూడదు. వేడి తగలకూడదు. శనివారం వచ్చి సూస్తా." నేను తలూపాను. మా అమ్మా ఊపింది.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి, ఎప్పుడూ లేనిది, కొంచెం మొహమాటంగా ఇంకో మాట చెప్పింది. కుప్పంలో ఒకాయన పాత సత్రం కొని కల్యాణమండపం చేస్తున్నాడట. తలుపులు, బెంచీలు, దూలాలు, అన్నీ పాత టేకు. ఆరునెలల పని. "ఈమద్దెన సేసిన ఇల్లు ఏదని అడిగితే నీ నంబరిచ్చినా. ఆయన ఫోన్ చేస్తాడు. పొగడొద్దు. సూసింది సెప్పు, సాలు. ఈ పని దొరికితే రోజూ సంచి ఎత్తుకొని ఇల్లిల్లూ తిరిగేది తప్పుతాది నాకు" అంది. అప్పుడే గమనించాను, మెట్టు దిగేటప్పుడు ఆమె మోకాలు పట్టుకుని దిగుతోంది.

శుక్రవారం సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి బల్లమీద న్యూస్‌పేపరు పరిచి ఉంది. ఇదెవరు వేశారని లాగితే రాలేదు. గట్టిగా లాగితే చిరిగి సగం బల్లకే అతుక్కుపోయింది. వార్తల అక్షరాలు తలకిందులుగా టేకు మీద దిగి ఉన్నాయి. నడిమధ్యలో అరచేతంత మేర పాలిష్ బొబ్బలెక్కి, నల్లబడి, చుట్టూ తెల్లగా బూజు పట్టినట్టుంది. మా అమ్మను పిలిచాను. "దుమ్ము పడతాదని పేపరేసినా" అంది, నావైపు చూడకుండా. పాలిష్ బొబ్బలెందుకు ఎక్కిందంటే "నాకేం తెలుసమ్మా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కల్తీ సరుకు వాడిందని తేల్చేశాను. పిల్లలు తప్పు చేసినా వాళ్ళ మాట వినకుండా శిక్ష వేయకూడదని ప్రతి మీటింగులో మాట్లాడతాను. ఆ రోజు ఎవరి మాటా వినలేదు.

శనివారం పొద్దున చెప్పిన ప్రకారం ఆపా వచ్చింది. కింద కూర్చుని నల్లబడినచోట ముక్కు పెట్టి వాసన చూసింది. బల్ల కాళ్ళ దగ్గర చెక్కిన పువ్వుల సందుల్లో గోరు పెట్టి చూసింది. తలెత్తి వంటింటి గుమ్మంవైపు చూసింది. అక్కడ మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఇదంతా నా కళ్ళముందే జరిగింది. నేను చూశాను గానీ కనబడలేదు.

"నాదే తప్పు. స్పిరిట్లో నీళ్ళు కలిసినట్టుండాది. మళ్ళీ మొదట్నుంచీ సేసిస్తా" అంది ఆపా.

"నీళ్ళు కలిసిందీ లేనిదీ చూసుకోవాలి కదా ఆపా. ఇంత నమ్మి ఇస్తిమే. మనుషులను నమ్మించి ఇట్లా చేస్తే రేపు ఎవరు పిలుస్తారు నిన్ను?" అన్నాను. ఇంకా అన్నాను. అన్నీ రాయలేను, సిగ్గు. ఆమె తల వంచుకుని విన్నది. నన్ను లేయమని గదమాయించిన మనిషి ఒక్క మాట తిరిగి అనలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి, రాలేదు.

ఆ సాయంత్రమే కుప్పం ఆయన ఫోన్ చేశాడు. "పాలిష్ ఆమె మీ నంబరిచ్చిందమ్మా. ఎట్లుంటాది పని?" అని అడిగాడు. ఆమె పేరు పెట్టి మరీ చెప్పాను. "నమ్మొద్దండి. వేసిన మూడోనాడే బొబ్బలెక్కింది" అన్నాను. ఆయన సంతోషంగా థ్యాంక్స్ చెప్పి పెట్టేశాడు. నాకు ఒక మనిషిని మోసపోకుండా కాపాడానన్న తృప్తి కూడా కలిగింది.

సోమవారం నుంచి ఆమె మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. మా అమ్మ కాఫీ పెట్టి పక్కన పెట్టి పోయేది. ఆమె తాగేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు కాదు. రోజూ గోల గోలగా ఉండే వరండా ఎవరికో జ్వరమొచ్చిన ఇల్లులాగా ఉంది. నాలుగోరోజు నేను కొంచెం ముందుగా వచ్చాను. ఆపా బల్ల కాళ్ళ పువ్వుల సందుల్లోంచి పిన్నీసుతో ఏదో తీసి, దూదితో తుడిచి, ఆ దూదిని చొక్కా జేబులో దాచుకుంటోంది. నేను చూసింది ఆమె చూడలేదు. దూది పచ్చగా ఉంది. ఆ పచ్చ పెయింటుది కాదు, పసుపుది.

వంటింట్లోకి పోయి అమ్మనడిగాను. ఇక దాచలేకపోయింది.

"బల్ల వచ్చింది కదా ఇంటికి. బొట్టు పెట్టకుండా ఎట్ల వాడేది? సుక్రవారం మంచిదని నాలుగు కాళ్ళకూ పసుపునీళ్ళతో బొట్లు పెట్టినా. నడిమధ్య తమలపాకేసి కర్పూరం ఎలిగించినా. ఆకు కాలిపోయింది. బయపడి తడిగుడ్డతో తుడిస్తే ఇంకా తెల్లంగా అయిపాయె. అందుకని పేపరు కప్పినా" అంది.

"నీళ్ళు తాకించొద్దని ఆమె చెప్పింది కదమ్మా."

"దేవునికి పెట్టే పసుపునీళ్ళు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తాయని నాకేం తెలుసు" అంది మా అమ్మ. మా ఇంట్లో ఫ్రిజ్జుకూ మిక్సీకీ వాటర్ ఫిల్టరుకూ ఆ బొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆమె దృష్టిలో అది తాకడం కిందికి రాదు. తాకకముందు చేయాల్సిన పని.

వరండాలోకి వచ్చాను. ఆపా దూది మూటతో మొదటి పూత వేస్తోంది. ఆ వేళ పలకదని తెలుసు. అయినా పక్కన కూర్చుని అడిగాను, నీకు మొదటే తెలుసు కదా, ఎందుకు చెప్పలేదని. చెయ్యి తిరుగుతూనే ఉంది. బల్ల ఆ చివరదాకా పోయి, పూత ముగించి, మూట డబ్బాలో పెట్టి మూత బిగించాక మాట్లాడింది.

"ఏమని సెప్పాల? మీయమ్మ పూజ చేసింది, నా పాలిష్ చెడిపోయిందనా? ఆ మాట నేననాల్నా? ఈ వీధిలో నాలుగిండ్లవతల ఆ మాట ఏమైతాదో నీకు తెల్దా టీచరమ్మా. దినామూ ఫోన్లు సూస్తావు గదా నువ్వు. స్పిరిట్లో నీళ్ళు కలిసిందంటే నేను చేతకాని దాన్నైతా. అంతే. చేతకాని దాన్నైతే బతకొచ్చు." గొంతు తగ్గించింది. "ఇంకోటి ఏమంటే, ఇన్నేండ్లలో నేను చేసినదానికి ఎవురూ దండం పెట్టలా. మీయమ్మ పెట్టింది."

ఈ రెండిట్లో అసలు కారణం ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ నిజమేనేమో. ఆ క్షణంలో నాకు అవేవీ ముఖ్యం కాలేదు, ఫోన్లో నేనన్నది గుర్తొచ్చింది. కుప్పం ఫోను సంగతి ఆమెకు తెలియదు. రోజూ ఆ ఫోను కోసం ఎదురుచూస్తోందని మాత్రం నాకు తెలుసు, మధ్యాహ్నం పూట చేయి తుడుచుకుని ఫోన్ తీసి చూసుకుని మళ్ళీ సంచిలో పెట్టడం చూస్తూనే ఉన్నాను. చెప్పకుండా ఉండిపోవచ్చని కూడా ఒక నిమిషం అనిపించింది. ఆమె రెండో పూతకు మూట చేతిలోకి తీసుకుంది. చెయ్యి తిరగడం మొదలయ్యాక, ఆమె ముఖం నావైపు లేదన్న ధైర్యంతో చెప్పేశాను. కుప్పం ఆయన ఫోన్ చేశాడు, నేను నమ్మొద్దన్నాను, నీ పేరు పెట్టి అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. బల్లమీదే, పూత మధ్యలో. ఆ చెయ్యి అట్లా ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత మూట ఎత్తి, మచ్చపడిన చోటును చూసి, ఉప్పు కాయితం తీసుకుని మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు ఎంతో మేలు చేసినదయ్యేది.

"పోయి మాట మార్సుకో. పూజ సంగతి మాత్రం ఎత్తొద్దు" అంది రుద్దుతూనే.

నేను ఆ రాత్రే ఫోన్ చేస్తే ఆయన, "నేరుగా వచ్చి మాట్లాడండి, ఆదివారం ఉంటా" అన్నాడు. మేం ముగ్గురం పోయాం. అమ్మను రావద్దంటే వినలేదు. "పాడుచేసింది నేనైతే నేను రాకుంటే ఎట్ల" అంది. నోరెత్తనని ఒట్టు పెట్టించి తీసుకుపోయాను. మదనపల్లెలో తొలి బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆపా దారిపొడుగునా నాతో ఒక్క మాటే అంది, "నువ్వు అబద్దం బాగా సెప్పగలవా?" అని. చెప్పలేనన్నాను. "ఈ పొద్దు సెప్పు" అంది.

మండపం లోపల ఓనరూ, ఇంకో ముగ్గురు మగవాళ్ళూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. గోడవారగా పాత తలుపులు వరసగా ఆనించి ఉన్నాయి. ఆపా కళ్ళు ఆ తలుపుల మీదకే పోయాయి. ఆ చూపు చూడలేక నేను ఓనరువైపు తిరిగాను.

"ఫోన్లో నమ్మొద్దన్నది మీరే కదమ్మా?" అన్నాడు ఓనరు.

"నేనేనండి. తప్పు చెప్పినాను. బల్ల ఆరకముందే మేమే నీళ్ళు పోసి పాడుచేసినాం."

"బొబ్బలెక్కిందంటిరే. నీళ్ళకు బొబ్బలెక్కతాదా?"

నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయానని చెప్పే పిల్లలను ఎన్నిసార్లు నిలదీశానో, ఆ పిల్లల్లాగే నిలబడ్డాను. ఆయన ఆపావైపు చూసి నవ్వాడు. "ఏమ్మా, ఈయమ్మను బతిమాలుకొని పిల్సుకొచ్చినావా?"

ఆపా ముఖం నల్లబడింది. ఆ మాటకు మా అమ్మ ఊరుకోలేకపోయింది.

"బతిమాలలేదప్పా. నేను చేసినా ఆ పని. ఆరకముందే దానిమీద కర్పూరం ఎలిగించినా. కాలిపాయె. ఈమె తప్పేం లేదు. నన్ను కాపాడాలని తన మీదేసుకునింది" అంది. నిలబడే చెప్పింది, ఒట్టు సంగతి మరిచిపోయి.

ఓనరు పక్కన కూర్చున్నతను టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే ఏంది, మన పూజ చేస్తే ఈయమ్మ పాలిష్ చెడిపోయిందని చెప్పేదానికి వచ్చినారా ఈడికి?" అన్నాడు నిదానంగా.

ఆపా భయపడిన మాట అదే, అక్షరం పొల్లుపోకుండా. ఇప్పుడు ఏమైపోతుందోనని మా అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆపా ఒక అడుగు ముందుకొచ్చింది.

"పూజ చెడగొట్టలేదప్పా, నిప్పు చెడగొట్టింది. ఆరనిదాని మీద మా ఇంట్లో ఊదుబత్తి పడినా అట్లే కాలతాది. దానికి మీదీ మాదీ అని తెల్దు" అంది.

అతను ఆమెను చూస్తూనే ఉన్నాడు. ఓనరు గొంతు సవరించుకున్నాడు. "అది కాదులేమ్మా. నా మండపంలో దినామూ హోమాలు, హారతులు. అంత సున్నితమైన పాలిష్ నాకు సరిపోదు. కంపెనీవాళ్ళు వచ్చి మిషన్‌తో కొట్టిపోతారు. టీ తాగి పోండి" అన్నాడు. ఆయన చెప్పింది నిజమైన కారణమే అయ్యుండొచ్చు. కాకపోయినా ఉండొచ్చు. మేం టీ తాగలేదు.

తిరుగు బస్సులో ఆపా కిటికీ దగ్గర, పక్కన మా అమ్మ, వాళ్ళ వెనక సీట్లో నేను. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "నన్ను తిట్టు బూబమ్మా. నీ నోటికాడిది పోగొట్టినా" అంటోంది. గంగవరం దగ్గర మా అమ్మ ఏడ్చి ఏడ్చి ఆమె భుజం మీదే నిద్రపోయింది. అప్పుడు ఆపా తల తిప్పకుండానే నాతో మాట్లాడింది.

"మీయమ్మను ఏమీ అనొద్దు. ఆమె నిజం సెప్పింది, నా పని పోయింది. పోనీ. నువ్వు తెలుసుకోకుండా సెప్పినావు, అప్పుడూ పోయింది. రెండూ ఒకటి కాదు."

ఒకటి కాదని ఒప్పుకున్నాను. ఏడుపొచ్చింది. ఆమెకు నా ఏడుపు కనబడే వీలు లేదు.

"ఇంకమీదట అందరికీ నీ నంబరే ఇస్తా" అంది.

"నా నంబరా? ఎందుకు ఆపా?"

"ఇంకోరైతే సూడకుండా సెప్తారు. నువ్వు ఇంక అట్ల సెప్పలేవు" అంది. మదనపల్లె వచ్చేదాకా భుజం కదపలేదు.

మర్నాడు వచ్చి బల్ల పూర్తిచేసింది. అన్నట్టుగానే నా నంబరే ఇచ్చింది. ఈ నాలుగేళ్ళలో ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్కపెట్టలేదు. బస్సులో ఉండగా వచ్చేవి, క్లాసులో ఉండగా వచ్చేవి. ఉయ్యాల తొట్టి ఉన్న ఒకామె, బీరువా ఉన్న ఒక డాక్టరు, తాతల పందిరిమంచం పెట్టుకుని కూర్చున్న ఒకాయన. అడిగినవాళ్ళకల్లా చెప్పేదాన్ని. పని బాగుంటుంది, మబ్బు పడితే రాదు, మిమ్మల్ని మీ ఇంట్లోనే తిడుతుంది, మూడు రోజులు తాకొద్దంటే పూజ కూడా నాలుగోరోజే. తొందరగా కావాలనే వాళ్ళకు వేరేవాళ్ళను చూసుకోమనేదాన్ని. ఒకసారి ఒకాయన కుర్చీకి పాలిష్ సరిగ్గా కుదరలేదని తెలిసి, మరుసటి ఫోనులో అది కూడా చెప్పాను. ఆ మాట ఆమెకు చేరింది. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నంబరు ఇవ్వడం మాత్రం మానలేదు.

పని లేకపోయినా అప్పుడప్పుడూ వచ్చేది. నా కోసం కాదు. చేతి వెనకవైపు బల్లకు ఆనించి చూసి, మా అమ్మతో వంటింటి గడప దగ్గర కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి పోయేది. ఆ నొప్పులు తగ్గలేదు. రోజూ సంచి ఎత్తుకుని తిరగడమూ తప్పలేదు. కుప్పం పని దొరికి ఉంటే ఏమయ్యుండేదో అని నేను ఆలోచించకుండా ఉండటం నేర్చుకోలేకపోయాను.

అంగడాయన కబురు చెప్పిన తర్వాతి వారం, బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఫోన్ మోగింది. కొత్త నంబరు. వాయల్పాడు నుంచి మాట్లాడుతున్నానన్నాడు ఒకతను.

"మా నాయన పడక కుర్చీ ఉంది మేడం. పాలిష్ ఆమె రెండు వారాల కిందట వచ్చి చూసి, మీ నంబరిచ్చి పోయింది. పని ఎట్లుంటాది? నమ్మొచ్చా?"

నోటిదాకా వచ్చింది, ఆమె లేదని. ఆ మాట ముందు అంటే ఆయన అయ్యో అని ఫోన్ పెట్టేసేవాడు. అడిగినదానికి జవాబు అక్కర్లేకుండా పోయేది. నేను వరండా చివరికి నడిచి, పిల్లల గోల లేనిచోట నిలబడి చెప్పాను. నాలుగేళ్ళయింది, మా బల్ల నిన్న పూసినట్టుంది అన్నాను. మొదటిసారి చెడిపోయిందనీ, చెడగొట్టింది మేమేననీ, తప్పు ఆమెదని నేను ఇంకొకాయనకు చెప్పాననీ అన్నాను. గాజు పెంకుతో ఆమె పాత రంగు గీకే తీరు చెప్పాను. ఆలస్యం చేస్తుందని, కోపిష్టిదని చెప్పాను. నమ్మొచ్చు అన్నాను, పేరు పెట్టి.

"అయితే సరే మేడం. ఆమెకే ఇస్తాం పని" అన్నాడు.

అప్పుడు చెప్పాను, ఆమె లేదని.